రక్తపిశాచి నవలకి తోడేలు ముగింపు

పుస్తకాలన్నీ ఒకేలా చినగవు. వంటల పుస్తకాలు మధ్యలో విరుగుతాయి. పరీక్షల పుస్తకాలు మొదటి ముప్పై పేజీల దాకా నలిగి, ఆ తర్వాత కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరుస్తుంటాయి. రక్తపిశాచులూ, తోడేలు మనుషులూ కాలేజీ అమ్మాయిలతో ప్రేమలో పడే నవలలకి మాత్రం ఎప్పుడూ చివరే ఊడుతుంది. ఆ ఆఖరి అధ్యాయాన్ని ఒక్కొక్కరు పదేసిసార్లు చదువుతారు మరి.

లైబ్రరీ వెనక గదిలో కూర్చుని వాటిని కుట్టే బైండరుకి ఈ సంగతి ఎనిమిదేళ్ళుగా తెలుసు. అతనికి ఆ నవలల పిచ్చి కూడా ఉంది. అయితే ఏది పడితే అది చదవడు. వారపత్రికలో 'కోరపన్ను' అనే పేరుతో వచ్చే రివ్యూ చూసి, అది పాసయితేనే చదువుతాడు. కోరపన్ను ప్రతి రివ్యూ చివరా ఒక తీర్పు ఇస్తుంది. నచ్చితే, 'ఇంటికి తీసుకెళ్ళొచ్చు.' నచ్చకపోతే, 'అక్కడే వదిలెయ్యండి.' అంతే.

ఆ కోరపన్ను ఎవరో అతనికి తెలీదు. ఒక సోమవారం ఉదయం, జోరు వానలో, ఆవిడే నడిచొచ్చి అతని బల్లమీద గొడుగు పెట్టింది.

"గొడుగు తియ్యండి, కాగితాలున్నాయి!" అని అరిచాడు బైండరు.

"తీస్తాను. ముందు మీ దగ్గరికి రిపేరుకొచ్చిన రక్తపిశాచి నవల ఇవ్వండి. నల్ల అట్ట, మూడువందల ఇరవై పేజీలు."

"రిపేరులో ఉన్నవి బయటికివ్వమండీ."

"బయటికొద్దు. ఇక్కడే నిలబడి చివరి పదహారు పేజీలు చూసుకుంటాను. నా పరువు వాటిలో ఉంది."

పరువు ఎలా పోయిందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ లైబ్రరీ పుస్తకమే చదివి, దాని ముగింపుని ఆకాశానికెత్తుతూ రివ్యూ రాసిందట. మూడువందల నాలుగో పేజీలో ఆ రక్తపిశాచి తన చల్లని చేతిని హీరోయిన్ చెంపమీద ఆనించి, కామా. మూడువందల అయిదో పేజీలో, ఒళ్ళంతా వెంట్రుకలు దులుపుకుని మొరిగాడు. అక్కణ్ణించి హీరోయిన్ పేరు కూడా వేరు.

"ఒక్క కామా దగ్గర ప్రపంచాన్నే తిరగేసిన రచయిత్రి ధైర్యానికి జోహార్లు అని రాశాను. పేరు మారడం హీరోయిన్‌కి పునర్జన్మ అని కూడా రాశాను. ఇప్పుడు కొన్నవాళ్ళంతా ఉత్తరాలు రాస్తున్నారు. కుక్క ఎక్కడుంది, ఏ పేజీలో మొరిగింది, మీరు ఏం తాగి చదివారు అని. శుక్రవారం సంచికలోగా రుజువు చూపించకపోతే కాలమ్ తీసేస్తానన్నాడు ఎడిటరు."

"మీరు... కోరపన్నా?" అన్నాడు బైండరు.

"ఇంకెన్నాళ్ళో కాదు."

నల్ల అట్ట ఊడిందని మొన్ననే తిరిగొచ్చిన ఆ పుస్తకం అతని మోకాలి పక్కనే ఉంది. ఓరగా చూస్తే చివర తన ఎర్రదారం కనిపిస్తోంది. ఊరంతా తెల్లదారంతో కుడితే, తను ఒక్కడే ఎర్రదారంతో కుడతాడు. ఆ మధ్య ఒక రోజు పంటినొప్పితో కళ్ళు బైర్లు కమ్ముతుంటే, దీన్నీ ఇంకో తోడేలు నవలనీ ఒకేసారి బాగుచేశాడు. రెండూ ఒకే పబ్లిషరువి, ఒకే సైజు, ఒకే అక్షరాలు. రెండిటికీ ఊడింది ఆఖరి ఫారమే, అంటే మూడువందల అయిదు నుంచి ఇరవై దాకా పదహారు పేజీల మడత. పేజీ నెంబర్లు చక్కగా కలిశాయి. ఎవరు ఎవర్ని పెళ్ళాడుతున్నారో చూసే ఓపిక ఆ రోజు లేదు.

చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచాడు కూడా. కానీ ఎదురుగా ఉన్నది, రెండేళ్ళుగా అతను శుక్రవారాలు లెక్కపెట్టుకునేలా చేసిన మనిషి. వానకి తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని, కోపంతో ముక్కు ఎర్రబడి, తను ఊహించుకున్నదానికంటే వంద రెట్లు బాగుంది. ఆ మనిషి మొదటిసారి తనని చూసే చూపు అసహ్యంతో ఉండటం అతను భరించలేకపోయాడు. పుస్తకాన్ని లటుక్కున అట్టలు నొక్కే ప్రెస్సులో పెట్టి మర బిగించేశాడు.

"ఇప్పుడే జిగురు పూశానండీ. వాన కదా, ఆరదు. గురువారం దాకా తీస్తే అట్ట వంకరపోతుంది."

"గురువారమా!" అని నిట్టూర్చి, ఆవిడ అతని ముఖంలోకి పరకాయించి చూసింది. "ఆ బుగ్గేమిటి?"

"ఏం లేదండీ."

"నోరు తెరవండి. పెద్దగా. ఊఁ... కుడివైపు కింద. ఎన్నాళ్ళుగా?"

"నెల."

"నెల్లాళ్ళా? నేను డెంటిస్టుని. రేపు సాయంత్రం క్లినిక్‌కి రండి. మా నాన్న కౌంటర్లో ఉంటారు, పేరు రాయించుకోండి." గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పాపం, మీరేం చేస్తార్లెండి, జిగురు ఆరకపోతే."

ఆ 'పాపం' అతనికి పంటినొప్పికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

*

ఇంట్లో అమ్మమ్మ, లైబ్రరీ నుంచి అతనే తెచ్చిపెట్టిన ఆ రెండో పుస్తకం చదువుతోంది. ఆవిడకి పై వరసలో రెండు పళ్ళూ, కింది వరసలో మూడూ మిగిలాయి కానీ తోడేలు నవలలంటే పడిచస్తుంది.

"ఒరేయ్, ఈ తోడేలు భలేవాడురా," అంది. "మూడొందల పేజీలు అడవులంట తిరిగాడా, ఆఖర్న చంద్రుణ్ణి చూసి గొంతెత్తి, 'మీ నాన్నగారితో మాట్లాడాలి' అన్నాడు! ఎంత మర్యాద! తర్వాత ఎండలోకి రానని మొండికేశాడనుకో. పోనీలే, మీ తాతయ్యా వచ్చేవాడు కాదు."

బైండరు సంచీలోంచి నల్ల అట్ట పుస్తకం తీశాడు. అమ్మమ్మ చేతిలోదీ లాక్కున్నాడు. పావుగంట పని. ఎర్రదారం తెంపి, ఎవరి ముగింపు వాళ్ళకి కుట్టేస్తే కుక్కా ఉండదు, సాక్ష్యమూ ఉండదు. గురువారం ఆవిడొచ్చి చూసుకుని, తనే కలగన్నాననుకుంటుంది. బ్లేడు తీశాడు.

"ఏంట్రా ఆ తేలుకుట్టిన దొంగ ముఖం?" అంది అమ్మమ్మ.

అమ్మమ్మ దగ్గర అబద్ధం నిలవదు. మొత్తం చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"అంటే నువ్వు తప్పు కుడితే, ఆ పిల్ల దాన్ని కూడా అంత గొప్పగా అర్థం చేసుకుందన్నమాట."

"ఊఁ."

"అలాంటి పిల్లని పిచ్చిదాన్ని చేస్తావా?"

బైండరు బ్లేడు డబ్బాలో పెట్టేశాడు.

*

మంగళవారం సాయంత్రం రెండు పుస్తకాలూ సంచీలో పెట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాడు. కూర్చోగానే చెప్పెయ్యాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కౌంటర్లో ఆవిడ నాన్నగారు, రిజిస్టర్లో తన చేతిరాతంత నిటారుగా కూర్చుని ఉన్నారు. "పద్నాలుగో నెంబరు!" అని గదమాయించేసరికి సగం మాటలు ఎగిరిపోయాయి. కుర్చీలో పడుకోగానే నోట్లో దూది పడి మిగతా సగం కూడా పోయాయి.

"మాట్లాడొద్దు," అంది డెంటిస్టు, సూది గుచ్చి. "నేను మాట్లాడతాను. మీరు నా రివ్యూలు చదువుతారా?"

"ఆఁ ఆఁ."

"అయితే మీకైనా తెలియాలి. నిన్న రాత్రంతా ఆలోచించాను. నిజంగా చదివానా, కలగన్నానా అని. రోజూ ఇన్ని నోళ్ళు చూసి, ఇంటికెళ్ళి ఇన్ని కోరలు చదివి, నాకే మతి తప్పిందేమో. ఎడిటరుకి ఫోన్ చేసి, మానేస్తానని చెప్పేద్దామనుకుంటున్నాను."

"ఊఁహూఁ! ఊఁహూఁ!" అని బైండరు గిలగిల్లాడాడు.

"నొప్పా? నొప్పయితే చెయ్యెత్తండి."

రెండు చేతులూ ఎత్తాడు.

"రెండు చేతులెత్తేవాళ్ళని ఇదే చూడటం," అని ఇంకో ఇంజెక్షన్ ఇచ్చింది. దాంతో నాలుక కూడా చెక్కయిపోయింది.

పని అయ్యేసరికి అతని కింది పెదవి ఎవరిదో అతికించినట్టుంది. నోరు పెగల్లేదు. ఇంక లాభం లేదని, కుర్చీలోంచి లేచి, సంచీలోంచి రెండు పుస్తకాలూ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఒకదాంట్లో మూడువందల నాలుగో పేజీ తెరిచాడు. రెండోదాంట్లోనూ తెరిచాడు. ఎర్రదారం చూపించాడు. తర్వాత ఆ వేలితోనే తన గుండెమీద పొడుచుకున్నాడు.

ఆవిడ ఇటు ఒక వాక్యం, అటు ఒక వాక్యం చదివింది. "చంద్రుణ్ణి చూసి గొంతెత్తి, మీ నాన్నగారితో..." దగ్గర ఆవిడ పెదవి ఒక్కసారి వణికింది. నవ్వనుకుని బైండరు ఆశపడ్డాడు. కాదు.

"నిన్న ఇది మీ దగ్గరే ఉంది. జిగురు పూయలేదు."

అవునన్నట్టు తల ఊపాడు.

"తప్పు కుట్టడం వేరండీ. అందరికీ జరుగుతుంది. నేను ఎదురుగా నిలబడి అంత మొత్తుకుంటే మీరు మర బిగించారు చూడండి, అదీ." రెండు పుస్తకాలూ మూసేసింది. "పంటి లోపల పెట్టింది తాత్కాలికపు సిమెంటు. పది రోజుల్లో మార్పించుకోవాలి. వేరే డెంటిస్టు దగ్గరికెళ్ళండి."

బైండరు ఏదో అన్నాడు కానీ అది మాటగా రాలేదు. పుస్తకాలు అక్కడే వదిలేసి వచ్చేశాడు. రుజువు ఆవిడ దగ్గరే ఉండాలి కదా.

ఆ సాయంత్రమే ఎడిటరుకి ఉత్తరం రాసి, వానలో పడి, స్వయంగా ఇచ్చొచ్చాడు.

*

శుక్రవారం సంచికలో కోరపన్ను కాలమ్ ఉండాల్సిన చోట ఆ ఉత్తరం పడింది.

'అయ్యా, తప్పు కోరపన్ను గారిది కాదు. నాది. పంటినొప్పితో రక్తపిశాచికి తోడేలు ముగింపు కుట్టాను. ఆవిడ తన చేతిలో ఉన్నది ఉన్నట్టు చదివి, ఉన్నట్టు రాశారు. నా ఎర్రదారం సాక్షి. సోమవారమే ఒప్పుకునేవాణ్ణి కానీ ఆవిడ ముందు తప్పుడు మనిషిగా నిలబడటానికి భయపడ్డాను. భయపడి ఇంకా తప్పుడు మనిషినయ్యాను. ఆవిడ రివ్యూలన్నీ కత్తిరించి ఒక పుస్తకంగా కుట్టుకున్నాను. వెనక అట్ట మాత్రం ఇంతవరకూ వెయ్యలేదు. అట్ట వేస్తే అయిపోయినట్టు కదా. దయచేసి నాచేత ఆ అట్ట వేయించకండి. ఇట్లు, లైబ్రరీ బైండరు.'

ఆ తర్వాత వారమంతా, ఎడిటరు చూసి తిప్పిపంపిన ఆ రెండు నవలలకీ లైబ్రరీలో క్యూ కట్టారు. అందరికీ మొరిగే రక్తపిశాచే కావాలి. సరిగ్గా కుట్టిన కాపీలు ముట్టుకునే నాథుడు లేడు. కాలమ్ నిలిచింది. కానీ వెనక గది గుమ్మంలోకి గొడుగు మాత్రం రాలేదు. అడుగు చప్పుడైనప్పుడల్లా బైండరు తలెత్తి చూసి, వేలికి సూది గుచ్చుకునేవాడు.

సిమెంటు పెట్టిన పదోరోజున పన్ను మళ్ళీ సలపడం మొదలుపెట్టింది. "పద," అంది అమ్మమ్మ. "నాకూ పళ్ళు కట్టించుకోవాలి."

"వేరే డెంటిస్టు దగ్గరికి వెళ్ళమందే."

"నిన్ను కదా అంది. నన్ను కాదుగా. నువ్వు నాకు తోడు రా. ఆ అట్ట వెయ్యని పుస్తకం కూడా తే."

*

"ఇరవై ఒకటో నెంబరు!" అన్నారు నాన్నగారు.

అమ్మమ్మ రాణీలా కుర్చీలో కూర్చుని, "అమ్మాయ్, కొత్త పళ్ళలో ఆ కోరలు రెండూ కాస్త పొడుగ్గా పెట్టు తల్లీ," అంది. డెంటిస్టు ఫక్కున నవ్వింది. నవ్వుతూ తలెత్తేసరికి, గుమ్మంలో బుగ్గ పట్టుకుని నిలబడ్డవాడు కనిపించాడు. నవ్వు సగంలో ఆగింది.

"వేరే డెంటిస్టు దొరకలేదా?"

"వెతకలేదండీ."

"ఆ చేతిలో ఏమిటి?"

వెనక అట్ట లేని పుస్తకం. ఆవిడ చేతి తొడుగులు తీసి అందుకుంది. పేజీలు తిప్పింది. రెండేళ్ళ శుక్రవారాలన్నీ ఉన్నాయి. అచ్చుతప్పులు పెన్సిల్‌తో దిద్ది ఉన్నాయి. పిశాచి చిగుళ్ళు మూడొందల ఏళ్ళు ఎలా నిలిచాయని ఆవిడ నిలదీసిన చోట, పక్కన 'నిజమే!' అని రాసి ఉంది. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

"నలభై మూడోది తలకిందులుగా కుట్టారు."

"అదీ పంటినొప్పి రోజేనండీ," అన్నాడు బైండరు, చచ్చిపోదామనిపించి.

ఈసారి ఆవిడ పెదవి వణికింది నవ్వుకే. కుర్చీ చేతిమీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మీమీద కోపంగా ఉండటం ఎంత కష్టమో తెలుసా? పది రోజుల్నించీ ఒక్క కోర గురించి కూడా సరిగా రాయలేకపోయాను. ప్రతి పిశాచికీ మీ వాచిన బుగ్గే కనబడుతోంది."

జేబులోంచి పెన్ను తీసి, పుస్తకం చివరి ఖాళీ పేజీలో గబగబా ఏదో రాసి, పుస్తకం అతని చేతిలో పెట్టింది. బైండరు చదువుకున్నాడు.

'కథానాయకుడు పిరికివాడు. పళ్ళ శుభ్రత అంతంతమాత్రం. మధ్యలో ఒక అబద్ధం నన్ను బాగా బాధపెట్టింది. అయినా చివరికి తన తప్పు ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. మూడొందల ఏళ్ళు బతికిన పిశాచులు కూడా ఆ పని చేయగా నేను చదవలేదు. తీర్పు: ఇంటికి తీసుకెళ్ళొచ్చు.'

అతను రెండోసారి చదివాడు. మూడోసారి కూడా చదివాడు. అమ్మమ్మ కుర్చీలోంచి మెడ సాచి తనూ చదివి, "ఎవరింటికమ్మా? మా ఇంట్లో అయితే పుస్తకాలకే చోటు చాలట్లేదు," అంది.

సరిగ్గా అప్పుడే నాన్నగారు తలుపు తోసి, "ఎంతసేపు? ఇరవై రెండో నెంబరు కూర్చుని ఉంది. ఏం జరుగుతోందిక్కడ?" అన్నారు.

బైండరు పుస్తకం మూశాడు. ఈసారి నోట్లో దూది లేదు, నాలుక మొద్దుబారలేదు, బిగించడానికి దగ్గర్లో ప్రెస్సు కూడా లేదు. గొంతు సవరించుకుని, ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"మీతోనే మాట్లాడాలండీ."

"మాట్లాడనివ్వండి నాన్నా," అంది డెంటిస్టు, చేతి తొడుగులు మళ్ళీ తొడుక్కుంటూ. "మొరగడు."