తిరస్కరించిన దరఖాస్తులు

ఉదయం ఆరుంబావుకి తెలీబంధా చెరువు పక్కన డాక్టర్ భీమారావు స్కూటర్ ఆపి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. వెనకనుంచి నంబరు ప్లేటు లేని జీపు వచ్చింది. బ్రేకు వేసిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. పాలవాళ్ళు సైకిళ్ళు పడేసి పరిగెత్తుకొచ్చేసరికి స్కూటర్ నీళ్ళలో సగం మునిగి ఉంది. భీమారావు రోడ్డు మీద కదలకుండా పడి ఉన్నాడు. ఆయన భుజానికి ఎప్పుడూ వేలాడే తోలుసంచీ మాత్రం లేదు.

అది 1983, మే నెల. ఆ తర్వాత మూడో రోజున నాగపూర్‌లో, ఇన్సూరెన్స్ ఆఫీసు బోర్డు తగిలించుకున్న గదిలో గూఢచారి విభాగం చీఫ్ ఒక ఫైలు బల్ల మీదికి తోశాడు.

"యాక్సిడెంట్ కాదు సామ్యూల్. మర్డర్."

"ఎవరాయన?"

"రాయపూర్ మహానది యూనివర్సిటీలో జియాలజీ రీడర్. బస్తర్ అడవుల్లో బెరిల్ ఖనిజం ఎక్కడెక్కడ ఉందో మ్యాపు గీశాడు. అణు రియాక్టర్లకీ క్షిపణులకీ పనికొచ్చే లోహం అందులోంచే తీస్తారు. మ్యాపు పూర్తి చెయ్యడానికి యూనివర్సిటీ తన సొంత అధ్యాపకులకి ఇచ్చే రీసెర్చి గ్రాంటు అడిగాడు."

"ఇచ్చారా?"

"తిరస్కరించారు. నాలుగేళ్ళలో ఇలాంటివాళ్ళు ముగ్గురు. ఒకడు ఉద్యోగం మానేసి విదేశాలకి పోయాడు. ఇంకొకడి ఫార్ములా వేరే దేశం పేటెంటులో తేలింది. మూడోవాడు ఈయన." చీఫ్ సిగరెట్ ఆర్పాడు. "ఆ గ్రాంటు కమిటీ నుంచి ఫైళ్ళు బయటికి పోతున్నాయి. ఆమోదించినవి కాదు. తిరస్కరించినవి."

"అవెందుకు సార్?"

"తిరస్కరించిన ప్రతి దరఖాస్తు వెనకా మనసు విరిగిన మనిషి ఒకడుంటాడు. వారం తిరక్కుండా ఓరెల్ ఫౌండేషన్ అనే విదేశీ సంస్థ నుంచి వాడికి ఉత్తరం వస్తుంది. మీ ప్రతిభ మీవాళ్ళకి తెలియలేదు, మాకు తెలిసింది అని. ఇరవై ఏళ్ళుగా ఎవరూ మెచ్చుకోని మనిషికి ఆ ఒక్క వాక్యం చాలు. భీమారావు మాత్రం వలలో పడలేదు. ఎవరికో చెప్పబోయాడు. చెప్పేలోపలే చంపేశారు."

"నా పని?"

"కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరు. దొంగ దరఖాస్తు పెట్టు. దాన్ని తిరస్కరించేలా చూడు."

"పాసవడం కంటే అదే తేలిక సార్."

చీఫ్ నవ్వలేదు. "నీ అసలు పని అక్కడ ఒక్కరికే తెలుసు. కమిటీ కార్యదర్శి ప్రొఫెసర్ రామమూర్తి. ఇంకో సంగతి. రీసెర్చి సెల్‌లో ఊర్మిళ అని స్టెనో ఉంది. ఓరెల్ వాళ్ళ పార్టీలో రెండుసార్లు కనిపించింది. కనిపెట్టి ఉండు."

రామమూర్తి పేరు వినగానే సామ్యూల్ గుండె తేలికపడింది. అతను పుట్టింది రాయపూర్ రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనే. తండ్రి అబ్రహాం వ్యాగన్ వర్క్‌షాపులో వాక్యూమ్ బ్రేకుల ఫిట్టర్. కొడుకు కూడా అక్కడే స్పానర్ పట్టాల్సినవాడు. కాలేజీలో చేర్పించి, పరీక్షలప్పుడు తన ఇంట్లోనే ఉంచుకుని, భార్య చేత అన్నం పెట్టించి ఎమ్మెస్సీ దాకా లాక్కొచ్చింది రామమూర్తి మాస్టారు. సామ్యూల్ దేవుడి తర్వాత నమ్మేది ఆయన్నే.

దేవేంద్ర నగర్‌లో మాస్టారి ఇంటి తలుపు తీసింది ఆయన భార్య పార్వతమ్మ.

"ఏటి బాబూ, చెప్పాపెట్టకుండా వొచ్చీసినావు! బైట గర్మీ చూసినావా, మనిషిని కాల్చీస్తంది. ముందు ఇలగ కూలర్ దగ్గర కూకో."

లోపలినుంచి మాస్టారు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో పేపరు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"మాస్టారూ, ల్యాబ్‌లో ఆవర్తన పట్టిక చిరిగిపోయిందట," అన్నాడు సామ్యూల్. అది కోడ్.

"కొత్తది తగిలిద్దాంలేరా," అన్నాడు మాస్టారు. తర్వాత అతని రెండు భుజాలూ పట్టుకుని కాసేపు అలాగే చూశాడు. "నువ్వా! వాళ్ళు పంపింది నిన్నేనా?"

ఆ గొంతులో వణుకుని సామ్యూల్ ప్రేమ అనుకున్నాడు.

భోజనాలయ్యాక తన ప్లాన్ చెప్పాడు. బెరిల్ నుంచి లోహాన్ని చౌకగా విడదీసే పద్ధతి కనిపెట్టానని పదహారు పేజీల దొంగ ప్రపోజల్ తనే స్వయంగా టైపు చేసి తెచ్చాడు. పేజీల నిండా సిల్వర్ నైట్రేట్ పొడి రాశాడు. చెమట చేతులతో ముట్టుకుని ఎండలోకి వస్తే వేళ్ళు నల్లబడతాయి. సబ్బు పెట్టి తోమినా వారందాకా వదలదు.

"తిరస్కరించాక దీన్ని మీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి మాస్టారూ. మీరు గ్లౌజులు వేసుకోండి. ఇంకెవరూ ముట్టుకోవలసిన పని లేదు కనక, ఎవరి వేళ్ళు నల్లబడితే వాళ్ళే దొంగ."

"బీరువా మారు తాళంచెవి రీసెర్చి సెల్‌లో ఉంటుంది," అన్నాడు రామమూర్తి నెమ్మదిగా. "ఆ ఊర్మిళ దగ్గర."

ఊర్మిళని మర్నాడే చూశాడు. నీలం షిఫాన్ చీర, తల మీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు, పొడుగాటి వేళ్ళు. ఆమె లూనా మీద వచ్చి దిగితే రిజిస్ట్రార్ ఆఫీసులో టైపు మిషన్లన్నీ ఒక్కసారి ఆగేవి. మూసి ఉన్న కవరు మీంచి సామ్యూల్ దరఖాస్తు నంబరు రిజిస్టర్‌లో రాసుకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"ఒక సలహా ఇవ్వనా సార్? మీ ప్రపోజల్ వాపస్ తీసుకోండి. వెళ్ళిపోండి."

"ఎందుకు?"

"రాయపూర్ గర్మీ అందరికీ పడదు."

బెదిరింపు అనుకున్నాడు.

రెండువారాల తర్వాత కమిటీ కూర్చుంది. కార్యదర్శి చదివి వినిపించాడు, సభ్యులు తలలూపారు. 'పరిశోధనకు తగిన ప్రయోజనం కనిపించనందున' అని మొదలయ్యే రెండు వాక్యాల ఉత్తరం సామ్యూల్ చేతికొచ్చింది. దొంగ దరఖాస్తే అయినా ఆ ఉత్తరం చదువుతుంటే ముఖం వేడెక్కింది. నిజంగా పదేళ్ళు కష్టపడినవాడికి ఎలా ఉంటుందో తెలిసొచ్చింది.

మూడోరోజు ఊర్మిళ క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని కనిపించింది. కుడిచేతి మూడు వేళ్ళు, ఎడంచేతి రెండు వేళ్ళు బొగ్గు పూసినట్టు నల్లగా ఉన్నాయి.

సామ్యూల్ మాస్టారి గదికి పరిగెత్తాడు.

"నేననుకుంటూనే ఉన్నాను," అన్నాడు రామమూర్తి. "ఇందాక ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. ఇవాళ మూడున్నరకి డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనక రోడ్డులో, పాత గోడౌన్ దగ్గర ఫైలు అందిస్తుందట. నువ్వొక్కడివే వెళ్ళు. పోలీసుల్ని చూస్తే జారిపోతారు."

"వర్క్‌షాపు ఖలాసీ వేషంలో వెళ్తాను మాస్టారూ. నాన్న ఖాకీ బట్టలు ఇంకా ఉన్నాయి. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంటుంది. కింది గిన్నెలో ట్రాన్స్‌మిటర్."

"జాగ్రత్తరా," అన్నాడు మాస్టారు. కిటికీవైపు తిరిగి అన్నాడు.

మూడున్నరకి ఆ రోడ్డు మీద కాకి కూడా లేదు. తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. తలకి తువ్వాలు, ముఖాన గ్రీజు, చేతిలో క్యారియర్‌తో సామ్యూల్ గోడౌన్ గోడ పక్కగా నడుస్తున్నాడు. కన్నతండ్రే ఎదురొచ్చినా గుర్తుపట్టలేని వేషం.

వెనక ఇంజను రొద వినిపించింది. నంబరు ప్లేటు లేని జీపు. రోడ్డంతా ఖాళీగా ఉన్నా అది సూటిగా అతని మీదికే వస్తోంది.

ఆ క్షణంలో అతనికి అర్థమైంది. ఈ వేషం, ఈ చోటు, ఈ టైము తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు.

తప్పుకోవాలన్న తలపే రాలేదు.

"సామ్యూల్! దూకండి!"

ఆడగొంతు. అది విని శరీరమే పక్కకి ఒరిగింది. మురిక్కాలవలో పడ్డాడు. పిస్తోలు రెండుసార్లు పేలింది. జీపు ముందు టైరు పేలి, బండి గోడౌన్ గోడకి గుద్దుకుని ఆగింది. షిఫ్టు దిగి వస్తున్న వర్క్‌షాపువాళ్ళు డ్రైవర్ని బయటికి లాగారు.

లూనా పక్కన ఊర్మిళ నిలబడి ఉంది. నల్లబడిన వేళ్ళలో పిస్తోలు.

"ఢిల్లీ, కౌంటర్ ఇంటెలిజెన్స్. ఏడాదిగా ఓరెల్ వాళ్ళ ఏజెంటుగా నటిస్తున్నాను," అంది రొప్పుతూ. "వెళ్ళిపొమ్మన్నాను కదా, వినరేం?"

"మా చీఫ్ నిన్ను అనుమానించమన్నాడు."

"మా చీఫ్ మీ గురించి అసలు చెప్పనే లేదు. మన రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలు నడవవు సార్."

"మరి ఆ వేళ్ళు?"

ఊర్మిళ తన చేతులు చూసుకుంది. "మొన్న ప్రొఫెసర్‌గారే ఈ ఫైలు నా బల్ల మీద పెట్టి మూడు కాపీలు టైపు చెయ్యమన్నారు. ఆయన చేతులకి గ్లౌజులు. ల్యాబ్ నుంచి వచ్చానన్నారు. నేను నమ్మాను."

సామ్యూల్‌కి మాస్టారింట్లో ఆ భోజనం గుర్తొచ్చింది. గ్లౌజులు వేసుకోమన్నది తనే.

"తర్వాత బాధపడుదురుగాని," అంది ఊర్మిళ. "భీమారావు మ్యాపు నాలుగూ పదికి బొంబాయి బండిలో పోతోంది. ఖలాసీ వేషంలో ఉన్న మీ మీదికి జీపు పంపారని ఓరెల్ వాళ్ళ దగ్గర విని ముందు ఇటొచ్చాను, రెండు చోట్లా ఒకేసారి ఉండలేను కదా. ఎక్కండి."

స్టేషన్‌కి చేరేసరికి నాలుగూ తొమ్మిది. ఊర్మిళ రైల్వే పోలీసుల కోసం పరిగెత్తింది. సామ్యూల్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. పుస్తకాల స్టాలు పక్కన తెల్ల పంచె కనిపించింది.

రామమూర్తి తల తిప్పి, గ్రీజు ముఖంలోని కళ్ళని గుర్తుపట్టాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "బతికే ఉన్నావా?"

ఆ మాట జీపు కంటే గట్టిగా తగిలింది.

"ఉన్నాను మాస్టారూ. మ్యాపు ఎక్కడ?"

ఇంజను కూత వేసింది. మాస్టారు చూపు ఫస్ట్ క్లాసు పెట్టె కిటికీ మీదికి పోయి వచ్చింది. అక్కడ తెల్ల సఫారీ వేసుకున్న విదేశీయుడు. ఒళ్ళో భీమారావు తోలుసంచీ.

బండి కదిలింది. ఆ పెట్టె తలుపు లోపల గడియ వేసి ఉంది. సామ్యూల్ దాన్ని వదిలేసి బండి తోకవైపు పరిగెత్తాడు. వాక్యూమ్ బ్రేకు గొట్టం ఆఖరి పెట్టె వెనక ఒక బిరడాకి తగిలించి ఉంటుంది. దాన్ని ఊడదీస్తే గాలి లోపలికి చొరబడి బండి మొత్తానికి బ్రేకులు పడతాయి. ఫిట్టర్ కొడుక్కి అది ఒకరు చెప్పక్కర్లేదు. గార్డు పెట్టె అతన్ని దాటిపోయింది. పట్టాల మీదికి దూకి, కంకర మీద తూలుతూ ఇరవై గజాలు పరిగెత్తి, రెండు చేతులతో గొట్టాన్ని పైకి ఎత్తి లాగాడు.

బుస్సుమని గాలి. చక్రాలు కీచుమన్నాయి. ఇంజను ప్లాట్‌ఫారం దాటాక వచ్చే స్టార్టర్ సిగ్నల్ దాటడానికి పది గజాల ముందు బొంబాయి బండి ఆగిపోయింది.

అయిదు నిమిషాల్లో తోలుసంచీ ఊర్మిళ చేతిలో ఉంది. మ్యాపు మడత నలగలేదు.

రామమూర్తి పారిపోలేదు. వెయిటింగ్ రూములో, ఇద్దరు పోలీసుల మధ్య కూర్చున్నాడు. సామ్యూల్ ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"పదకొండుసార్లు దరఖాస్తు పెట్టానురా," అన్నాడు మాస్టారు. అడక్కుండానే. "పదకొండుసార్లూ అవే రెండు వాక్యాలు. చివరికి నన్నే కార్యదర్శిని చేశారు. ఆ వాక్యాలు ఇతరులకి రాసే పని నాకిచ్చారు. అప్పుడు ఓరెల్ వాళ్ళొచ్చి ఏం కావాలని అడిగారు. స్పెక్ట్రోమీటర్ అన్నాను. నెలలో ఇంటికే వచ్చింది. అప్పట్లో వాళ్ళు అడిగింది చెత్తబుట్టలో వేసే కాగితాలేగా అనుకున్నాను."

"భీమారావు మీ దగ్గరికి వచ్చాడా?"

"ముందురోజు సాయంత్రం. పోలీసుల దగ్గరికి ఎలా వెళ్ళాలో సలహా అడిగాడు."

"మీరేమన్నారు?"

"పొద్దున్నే తెలీబంధా దగ్గరికి రమ్మన్నాను. కలిసి వెళ్దామన్నాను."

బయట ప్రయాణికులు బండి ఎందుకు ఆగిందని అరుస్తున్నారు.

"మరి నేను మాస్టారూ?"

"ఎవరో ఒకణ్ణి పంపుతారని తెలుసు. నువ్వొస్తావనుకోలేదు."

"వచ్చింది నేనని తెలిశాక రెండువారాలు ఉంది. రోజూ మీ ఇంట్లోనే అన్నం తిన్నాను."

రామమూర్తి తన శుభ్రమైన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూస్తూ ఉండిపోయాడు. సామ్యూల్ చాలాసేపు ఎదురుచూశాడు. ఒక అబద్ధం చెప్పినా బాగుండునని కూడా అనుకున్నాడు.

పార్వతమ్మకి ఎవరో ఒకరు చెప్పాలి. తనే వెళ్ళాడు. ఆమె నిలబడే అంతా విన్నది. గోడకి చెయ్యి ఆనించింది.

"నీకేటీ అవనేదు కదా బాబూ?"

"లేదమ్మగారూ."

"ఆ మిషను ఇంటికొచ్చిన్రోజు పెళ్ళికొడుకులాగ మురిసిపోయారు. ఆళ్ళెవరు, ఎందుకిచ్చారని నాను అడగనేదు. ఆ నవ్వు చూసి చాన్నాళ్ళయింది, అందుకని అడగనేదు." కొంగుతో అతని చెంప మీద గ్రీజు తుడిచింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ ఏడుపు వినడం తన హక్కు కాదనిపించి సామ్యూల్ గేటు మూసి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న ట్రంక్ కాల్ దొరికింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఢిల్లీ చాలా సంతోషంగా ఉంది. ఏం కావాలో అడుగు."

"సెలవు కావాలి సార్."

"ఎన్నాళ్ళు?"

"మళ్ళీ మనుషుల్ని నమ్మడం అలవాటయ్యేదాకా."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"రూల్స్‌లో పదిహేను రోజులే ఉంది సామ్యూల్. ఆలోపల అలవాటు చేసుకో."