ఒకటో నంబరు చొక్కా

"ఎదుటివాడి బూటు మావాడి తలకి తగిలితే ఏం గతండీ? గోల్‌కీపర్లకి దెబ్బ తగిలేది ముందు తలకేనట. పోయిన నెల పేపర్లో పడింది."

పెద్దాయన ఫైలు మూసి కళ్ళజోడు తీశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్న ఏజెంట్ ఆమె. కోడ్‌నేమ్ 'సూది'. గుండెకి తుపాకీ ఆనించినా రెప్ప వాల్చని మనిషి. కొడుకు మాట వస్తే మాత్రం అరచేతులకి చెమటలు పట్టేస్తాయి.

"సూదీ, మన సమస్య బూటు కాదు. చొక్కా."

"చెప్పండి."

"రేపు రీజనల్ క్వాలిఫయర్స్‌లో ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకున్నా మనవాళ్ళు అంతర్జాతీయ టోర్నమెంటుకి వెళ్తారు. అవతలి జట్టు వెనకాల ఒక స్పై రింగ్ దిగింది. మన తీరంలో రాడార్లు ఎక్కడెక్కడున్నాయో మొత్తం మ్యాపు నువ్వుగింజంత మైక్రోచిప్‌లోకి ఎక్కించేశారు. అది రేపు బోర్డర్ దాటాలి."

"చెకింగ్ ఉంటుందిగా?"

"బ్యాగులు చూస్తాం, బూట్లు చూస్తాం, పళ్ళసందులు కూడా చూస్తాం. ఆట అయ్యాక ఆటగాళ్ళు మార్చుకునే చొక్కాలు చూడం. మనవాళ్ళలో ఎవరిదో చొక్కా అంచులో చిప్ కుట్టేశారు. ముప్పైవేలమంది చప్పట్లు కొడుతుంటే మనవాడే తన చేత్తో విప్పి ఇస్తాడు. చెమట కారే చొక్కాని ఏ కస్టమ్స్‌వాడు తడుముతాడు?"

"ఎవరి చొక్కాలో ఉంది?"

"తెలీదు. గొడవ చేసి పట్టుకుంటే, ఎవరి ఒంటిమీద దొరికితే వాడే ద్రోహి. కుట్టిందెవరో ఎవరూ అడగరు. అందుకే చప్పుడు కాకుండా తీసెయ్యాలి."

పదకొండు మంది తల్లులు ఒక్కసారిగా ఆమె కళ్ళముందు మెదిలారు. అందులో పదకొండో మొహం తనదే.

మర్నాడు పొద్దున స్టేడియం కింద, బట్టలు ఉతికే గదిలో ఒక కొత్త పనిమనిషి చేరింది. నెరిసిన విగ్గు, పెట్టుడు ఎత్తుపళ్ళు, మూతికి గుడ్డ. మాట రాదని చెప్పడంతో జట్టంతా 'మూగమ్మ' అని పిలవడం మొదలుపెట్టింది. మూగవేషం ఆమె కోరి వేసుకున్నదే. ఒక్క మాట పెదవి దాటితే కొడుకు గుర్తుపట్టేస్తాడు.

కొడుకు ఆమెతో మాట్లాడి నాలుగేళ్ళయింది. తండ్రి పోయినప్పుడు ఆమె ఇంట్లో లేదు. పదకొండో రోజున పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆ రోజు ఎక్కడున్నావ్?" అని వాడు ఒక్కటే అడిగాడు. రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమస్తా అని వాడికి తెలిసిన తల్లి, దానికి జవాబు చెప్పలేదు. చెప్పే హక్కు ఆమెకి లేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె ఫోన్ చేస్తుంది. అది మోగి మోగి ఆగిపోతుంది.

కుట్టుపనివాళ్ళు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఆమె చేతికుంది. అది డిపార్ట్‌మెంట్ వాళ్ళు చేసిచ్చిన గాడ్జెట్. చిప్‌కి తగిలితే వేలిమీద జివ్వుమంటుంది. ఇస్త్రీ చేస్తూ ఒక్కో చొక్కా అంచు తడిమింది. ఇరవై రెండు చొక్కాలు కిమ్మనలేదు. ఆఖరికి మిగిలింది ఒకటో నంబరు. గోల్‌కీపర్ చొక్కా.

జివ్వుమంది.

ఆమె అంచు విప్పింది, గింజ తీసింది, మళ్ళీ కుట్టేసింది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. రెండు ముళ్ళు, వెనక్కి ఒక కుట్టు, పంటితో దారం తెంపడం.

"మూగమ్మా, నా గ్లౌజులు ఆరాయా?"

తలుపు దగ్గర కొడుకు. చిక్కిపోయాడు. సరిగా తింటున్నాడో లేదో! గ్లౌజులు అందించింది. వాడు నవ్వి, "నీ చెయ్యి మంచు ముక్కలా ఉందేంటి? జ్వరమా? కాసేపు కూర్చో" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత కొడుకు పలికిన మంచిమాట. అదీ ఎవరో ముక్కూమొహం తెలియని ముసలిదానికి. ఆమె తలూపింది.

మధ్యాహ్నం ఆట మొదలైంది. హాఫ్‌టైమ్ దాకా ఎవరూ గోల్ కొట్టలేదు. చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది.

"సూదీ, నువ్వు పంపిన చిప్ ఖాళీ. డమ్మీ."

"మరి అసలుది?"

"నీ చేతికి రాని చొక్కా ఏదైనా ఉందా?"

ఉంది. చెమటకి తడిసిన చొక్కాని గోల్‌కీపర్ హాఫ్‌టైమ్‌లో మారుస్తాడు. ఆ రెండో చొక్కా ఉతుకుల గదికి రాలేదు. పరుగున టన్నెల్లోకి వెళ్ళేసరికి కొడుకు అది తొడుక్కుని మైదానంలోకి వెళ్ళిపోతున్నాడు. వాడు విప్పిన తడి చొక్కా పట్టుకుని ఒకమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. జట్టు ఇంటర్‌ప్రెటర్. పొడవాటి మెడ, పచ్చరాళ్ళ దుద్దులు, ఏడు భాషలు. అవతలివాళ్ళ మీద కన్నేసి ఉంచమని డిపార్ట్‌మెంటే ఆమెని అక్కడ పెట్టింది. వచ్చే నెల కొడుకు పెళ్ళాడబోతున్నదీ ఆమెనే.

"రెండో చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను అత్తయ్యా," అంది ఇంటర్‌ప్రెటర్ మెల్లగా.

మూగమ్మ మూతిగుడ్డ పైకి లాక్కుంది.

"డమ్మీ తీసేశారో లేదో చూద్దామని ఈ అంచు తిప్పాను. ఈ ముడి మీరు కుట్టిన మీ అబ్బాయి పాత మేజోళ్ళ నిండా ఉంది. మీతో మాట్లాడడు కానీ, అవి పారేద్దామంటే నామీద అరుస్తాడు." ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "మీరున్నారని అవతలివాళ్ళకి చెప్పలేదు. వాళ్ళ చేతిలో మా తమ్ముడున్నాడు. ఇంతకన్నా ఏం చెయ్యలేను."

"వాడంటే నీకు..." మూగమ్మకి మాటొచ్చింది.

"ఆ ఒక్కటే అబద్ధం కాదు."

ఆమె ఆ మాట నమ్మింది. నమ్మినా ఇయర్‌పీస్‌లో చెప్పవలసిన రెండు ముక్కలు చెప్పింది. "టన్నెల్లో ఉంది. తీసుకెళ్ళండి." ఇంటర్‌ప్రెటర్ పారిపోలేదు. తడి చొక్కాని మడతపెట్టి కొడుకు బ్యాగులో సర్ది, చేతులు ముందుకి చాపింది.

నలభై ఐదు నిమిషాలు మూగమ్మ గీత పక్కన తువ్వాళ్ళ బుట్టతో నిలబడింది. బంతి అటు వెళ్తే పైకప్పు కూలుతుందేమోననీ, ఇటు వస్తే వాడి మెడ విరుగుతుందేమోననీ. ఆఖరి నిమిషంలో కొడుకు గాల్లోకి ఎగిరి వేలికొసలతో బంతిని బయటికి నెట్టాడు. విజిల్ పడింది. డ్రా. స్టేడియం హోరెత్తిపోయింది.

అవతలి గోల్‌కీపర్ నవ్వుతూ వస్తున్నాడు. పాపం, వాడికీ ఏమీ తెలియదు. వాడి వెనకాలే చెయ్యి చాపి వస్తున్న వాళ్ళ జట్టు మాలీషువాడికి అంతా తెలుసు. కొడుకు చొక్కా విప్పడానికి చేతులు పైకెత్తాడు.

తువ్వాలుతో పరుగెత్తింది. చొక్కా అంచు దొరకబుచ్చుకుంది. కుడిపక్క ఏమీ లేదు. వెనక ఏమీ లేదు. ఎడమపక్క జివ్వుమంది. కత్తెరతో ఒక్క కోత. బెత్తెడు గుడ్డముక్క ఆమె పిడికిట్లోకి వచ్చేసింది.

"పిచ్చిదానివా?" కొడుకు ఒక్క తోపు తోశాడు. ఆమె గడ్డిలో పడింది. మూతిగుడ్డలోంచి పళ్ళసెట్టు జారిపడింది. ముప్పైవేలమంది గొల్లున నవ్వారు. కొడుకు జీవితంలో అన్నిటికన్నా మంచి ఫోటోలో, కాళ్ళ దగ్గర పడి ఉన్న ఒక ముసలిది వచ్చింది. మాలీషువాడు ఖాళీ చొక్కా అందుకుని పాలిపోయాడు.

"వెల్‌డన్ సూదీ," అంది ఇయర్‌పీస్. ఆమె దాన్ని పీకి బుట్టలో పారేసింది.

ఆదివారం పదిగంటలకి ఎప్పటిలాగే ఫోన్ చేసింది. ఒకటి, రెండు, మూడు రింగులు. బాత్రూంలో జారిపడ్డాడేమో. అయిదు, ఆరు. గ్యాస్ లీకయిందేమో. ఎనిమిదో రింగుకి ఎత్తాడు.

గుడ్డ మడతలు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"నా దగ్గర రెండు చొక్కాలున్నాయి," అన్నాడు. "ఇచ్చేసింది వాళ్ళ కీపర్ తిరిగి పంపాడు, చిరిగిందని. మూగమ్మ కోసిన చోటే, నా బ్యాగులో ఉన్నదాని అంచు ఎవరో విప్పి కుట్టారు. రెండు ముళ్ళు, వెనక్కొక కుట్టు. మేజోళ్ళు పక్కన పెట్టుకుని చూస్తున్నా."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె వదిలిన ఒకే ఒక్క ఆనవాలు.

"నేను పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి ఫోన్ ఎత్తట్లేదు. ఎక్కడుందో నీకు తెలుసు కదా? వద్దులే, చెప్పకు. నిన్ను తోశాను కదమ్మా... దెబ్బ తగిలిందా?"

ఆమె నోట్లో గుడ్డ కుక్కుకుంది.

"పాతదే అడుగుతున్నా. నాన్న పోయిన రోజు ఎక్కడున్నావ్?"

నోరు విప్పనని ఆమె సంతకం పెట్టిన కాగితం పెద్దాయన బీరువాలో భద్రంగా ఉంది. ఈ లైను వినేవాడొకడు ఎక్కడో చెవులు రిక్కించుకుని ఉంటాడు. కొడుకు ఫోన్ పెట్టెయ్యలేదు.

"వింటున్నవాళ్ళు రాసుకోండి నాయనా, నెమ్మదిగానే చెప్తా," అంది గొంతు సవరించుకుని. "పరాయి దేశంలో, రైల్వేస్టేషన్లో ఉన్నాన్రా కన్నా. ఇంటికొచ్చే బండి నా ముందునుంచే వెళ్ళిపోయింది. నన్ను వెతుకుతున్నవాడు దాని మెట్టుమీదే నిలబడి ఉన్నాడు. ఆ టికెట్టు ఇంకా నా దగ్గరే ఉంది."