ఓర్ట్‌నిట్ రాజు మాయమైన మంగళవారం

రాజుగారు మాయమయ్యారు.

రాజుగారంటే ఆయన బొమ్మ. అరచేతికి రెండింతలుండే తోలు కాగితం మీద, ఐదువందల ఎనభై ఏళ్ళ కిందట ఎవరో రంగులతో వేసింది. 2021 ఏప్రిల్ 28, బుధవారం ఉదయం 9.05. హైడెల్‌బర్గ్‌లోని ఒక చిన్న పరిశోధన సంస్థ. స్ట్రాంగ్‌రూమ్‌లో నాలుగో డ్రాయర్ తెరిచారు. ఫోల్డర్ లేదు.

ఎనిమిది రోజుల తరవాత, మే 6 గురువారం, ఆండాళ్ రైలు దిగింది.

ఆమె ఆ బొమ్మకి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీలో ఇన్వెస్టిగేటర్. ఆఫీసు ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్ళో. సొంతూరు కాకినాడ. పదకొండేళ్ళుగా జర్మనీలో అబద్ధాలు విని జీతం తీసుకుంటోంది. ఏడాదిగా మాస్కుల వెనక నుంచి వింటోంది. సగం మొహం చూసి మనిషిని అంచనా వెయ్యడం ఎంత చిరాకో ఆమెనడగాలి.

డైరెక్టర్ డాక్టర్ ఫోగ్ట్ కిటికీలన్నీ బార్లా తెరిచి, చలికి వణుకుతూ కూర్చున్నాడు. రూల్ అంటే రూల్. కేసు తేలిపోయిందని ఆయన అభిప్రాయం. లాక్‌డౌన్ వల్ల రోజుకి ముగ్గురే లోపలికి రావాలి. ఆ మంగళవారం వచ్చింది ఆయన, పాత బొమ్మల్ని బాగుచేసే కన్జర్వేటర్ శ్రీమతి ఎబర్ట్, స్కానింగ్ చేసే తెలుగు విద్యార్థిని శ్రావ్య. ఆయన నాలుగు నుంచి ఐదు దాకా పదకొండు మందితో వీడియో మీటింగ్‌లో ఉన్నాడు.

స్ట్రాంగ్‌రూమ్ తలుపు కార్డుతోనే తెరుచుకుంటుంది. ఎవరి కార్డు ఎప్పుడు వాడారో చూపే లాగ్ ఆండాళ్ ముందు పెట్టాడు.

14.05, శ్రావ్య. స్కాన్ చేసిన బొమ్మని తిరిగి పెట్టడానికి. 15.50, ఎబర్ట్. రోజూ వెళ్ళినట్టే, గదిలో తేమ చూడడానికి. 16.41, మళ్ళీ శ్రావ్య. 16.44కి బయటికి.

వీడియో కూడా ఉంది. శ్రావ్య నీలం జాకెట్, తల మీద హుడ్, తెల్ల మాస్కు. వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులు. వచ్చేటప్పుడు చంకలో ఫోల్డర్.

పోలీసు కంప్లయింట్ టైప్ చేసి ఉంది. ఆండాళ్ రిపోర్ట్ రాగానే దాని మీద సంతకం పెట్టడమే మిగిలింది.

"రేపు ఉదయం 10.40కి ఆ అమ్మాయికి వీసా టెర్మిన్ ఉందట. ఈలోపే రిపోర్ట్ పంపితే మంచిది," అన్నాడు ఫోగ్ట్. ఆయనకి కోపం లేదు. పని పూర్తి కావాలంతే. ఆండాళ్‌కి మాత్రం ఒళ్ళు మండింది. దొంగతనం కేసుతో ఆ అపాయింట్‌మెంట్‌కి వెళ్తే వీసా పొడిగించరు.

శ్రావ్య పెరట్లో బెంచీ మీద కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కరీంనగర్. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్. ఇక్కడ పార్ట్‌టైమ్. ఆండాళ్ బెంచీ రెండో చివర కూర్చుంది.

ముందు బొమ్మ గురించి అడిగింది. అమ్మాయి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. లంబార్డీ రాజు ఓర్ట్‌నిట్. ఏ కత్తీ తెగనరకలేని కవచం ఆయనది. డ్రాగన్‌ని చంపుతానని అడవికి పోయి, చెట్టు కింద నిద్రపోయాడు. కుక్క మొరిగింది, గోళ్ళతో గీకింది. లేవలేదు. డ్రాగన్ ఎత్తుకుపోయి తన పిల్లల ముందు పడేసింది. కవచం చెక్కుచెదరలేదు. దాని సందుల్లోంచే ఆ పిల్లలు రాజుని పీల్చేశాయి.

చెప్తున్నంతసేపూ ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు.

"మంగళవారం సాయంత్రం ఏం జరిగింది?"

"నాలుగూ ఇరవైకి ఇంటికాడికెల్లి ఫోనొచ్చింది మేడమ్. అక్క చచ్చిపోయింది. ఆక్సిజన్ దొరకలే."

"తరవాత?"

"యాదికి లేదు. చీకటి పడంగ రూంల ఉన్న. కాళ్ళు తడిసినయ్. నది ఒడ్డుకు పోయిన్నేమో."

మర్నాడు వస్తే జాకెట్ ఇక్కడే కొక్కేనికి వేలాడుతోందట. కార్డు దాని జేబులో ఉందట. ముందు రోజు వేసుకుందో లేదో తెలియదు. ఇండియాకి వెళ్ళలేకపోయింది. వెళ్తే మళ్ళీ రానిచ్చేట్టు లేరు. అంత్యక్రియలు ఫోన్‌లో నాలుగు నిమిషాలు చూసింది. తరవాత నెట్ పోయింది. అప్పట్నుంచి ఏడవలేదు. తింటోంది, పడుకుంటోంది, అడిగినవాళ్ళకి జవాబు చెప్తోంది.

"బొమ్మ నువ్వు తీశావా?"

శ్రావ్య నిజంగానే ఆలోచించింది.

"తీసిన్నేమో మేడమ్. కార్డు నాది. జాకెట్ నాది. నేనే అయ్యుంట."

పదకొండేళ్ళలో ఎంతోమంది దొంగలు ఆండాళ్ ముందు బుకాయించారు. దొంగతనం తన మీద ఎవరో పెడుతుంటే ఇలా నెత్తికెత్తుకున్న మనిషిని చూడలేదు. భయమేసింది. ఈ పిల్ల రేపు టెర్మిన్‌లో కూడా ఇదే మాటంటే అక్కడితో అయిపోతుంది.

12.20. ఆండాళ్‌కి ఒక గది, ఒక కంప్యూటర్ ఇచ్చారు. వీడియో పెట్టింది. కారిడార్‌లో నేల మీద పుస్తకాల దొంతరలు. బయటినుంచి తిరిగొచ్చిన పుస్తకాలని మూడు రోజులు ముట్టకూడదట. బీరువాలు చాలక నేల మీదే పేర్చి, మీద తారీఖుల చీటీలు పెట్టారు. మనుషులతో పాటు పుస్తకాలకీ క్వారంటైన్.

16.41. హుడ్ మనిషి వచ్చింది. తలుపు తీసింది. 16.44కి బయటికొచ్చింది, వెళ్ళిపోయింది. మొహం కనబడలేదు. ఎత్తు శ్రావ్యకి సుమారుగా సరిపోతుంది. 15.50 వీడియోలో ఎబర్ట్ కూడా అంతే ఎత్తు. కానీ అదొక సాక్ష్యమా?

ఆరుసార్లు చూసింది. ఏమీ లేదు.

విసుగొచ్చి కుర్చీలో కాళ్ళు చాపింది. బల్ల కింద ఎవరిదో లావుపాటి పుస్తకం కాలికి తగిలింది. వంగి, దాన్ని ముట్టుకుని, చెయ్యి కళ్ళకద్దుకోబోయింది. కళ్ళద్దాలు ఎగిరి కీబోర్డు మీద పడ్డాయి.

వాటిని తీసుకోబోయి ఆగిపోయింది.

వీడియో వెనక్కి తిప్పింది. 16.44. హుడ్ మనిషి తిరుగుతుంటే బూటు దొంతరకి తగిలింది. రెండు పుస్తకాలు జారాయి. ఆమె వాటిని దాటుకుని పోయింది.

ఇంకా వెనక్కి వెళ్ళింది. అదే రోజు 14.05. శ్రావ్య. ఖాళీ ట్రేతో బయటికొస్తుంటే పాదం అంచు పుస్తకానికి రాసుకుంది. వంగింది. రెండు వేళ్ళతో తాకి, మాస్కు మీదుగా కళ్ళకద్దుకుంది. అంతకు ముందు శుక్రవారం ఒకసారి. గురువారం రెండుసార్లు. ఒక్కసారీ తప్పలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకి రీడింగ్ రూమ్‌లో కుర్చీలు ఒకటిన్నర మీటరు దూరంలో వేయించింది. ఫోగ్ట్ వచ్చాడు. ఎబర్ట్ వచ్చింది. సన్నటి మనిషి, అరవై దాటాయి, జూలైలో రిటైర్మెంట్. ఆండాళ్ గుమ్మం పక్కన ఐదారు పుస్తకాలు దారికి కొంచెం అడ్డంగా పేర్చి, శ్రావ్యని పిలిచింది.

శ్రావ్య లోపలికి వచ్చింది. కాలు తగిలింది. వంగింది, తాకింది, కళ్ళకద్దుకుంది. వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఇప్పుడేం చేశావు?" అని ఆండాళ్ జర్మన్‌లో అడిగింది.

"ఏం చేసిన? వచ్చి కూసున్న," అంది తెలుగులో. ఆమెకి నిజంగానే తెలియదు.

ఆండాళ్ మిగతా ఇద్దరికీ విడమరచి చెప్పింది. పుస్తకం మాకు సరస్వతి. కాలు తగిలితే దణ్ణం పెడతాం. ఇది ఆలోచించి చేసేది కాదు. నడక రాగానే మొదలవుతుంది. దుఃఖంలో ఉన్నా, మైకంలో ఉన్నా చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆ తరవాత రెండు వీడియోలూ పక్కపక్కన వేసింది.

"దొంగతనానికి వచ్చిన మనిషి తొందరలో మర్చిపోవచ్చు కదా?" అన్నాడు ఫోగ్ట్.

"ఇప్పుడు ఈమె గుర్తుపెట్టుకుని చేసిందా?"

ఆండాళ్ వీడియో ఆపేసి ఇద్దరి వైపూ తిరిగింది.

"ఆ రోజు ఉన్నది ముగ్గురు. మీరు మీటింగ్‌లో ఉన్నారు. శ్రావ్య జాకెట్ వదిలేసి పరిగెత్తింది. అది ఎవరు చూశారు, ఫ్రావ్ ఎబర్ట్? 15.50కి మీ కార్డుతో లోపలికి వెళ్ళినప్పుడు ఏం జరిగింది?"

ఎబర్ట్ తన చేతులకేసి చూసుకుంది.

"శానిటైజర్," అంది. "గుమ్మంలో తప్పకుండా రాసుకోవాలి కదా. ఇరవై ఏడేళ్ళలో తడి చేత్తో దేన్నీ ముట్టుకోలేదు. ఆ రోజు ఆరేదాకా ఆగలేదు. బొటనవేలు రాజు మొహం మీద పడింది. తీసేసరికి మొహం నా వేలికి వచ్చేసింది."

బొమ్మ ఆమె సొరుగులోనే, రెండు అద్దుడు కాగితాల మధ్య ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదట. పాడయిందని చెప్పడం కంటే పోయిందని చెప్పడం తేలికనిపించిందట. కొక్కేనికున్న జాకెట్ వేసుకుని వెళ్ళి ఫోల్డర్ తెచ్చి, జాకెట్‌ని మళ్ళీ అక్కడే తగిలించిందట. ఆ పిల్లకి వీసా టెర్మిన్ ఉందని తనకి తెలియదంది. ఆండాళ్ నమ్మలేదు, వాదించలేదు కూడా.

ఫోగ్ట్ కంప్లయింట్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. శ్రావ్యకి క్షమాపణ చెప్పాడు. రేపటి టెర్మిన్‌కి సంస్థ తరఫున ఉత్తరం ఇస్తానన్నాడు. ఎబర్ట్‌ని తీసుకుని బయటికి వెళ్ళాడు.

శ్రావ్య కదల్లేదు.

"అది నేను కాదా మేడమ్?"

"కాదమ్మా."

"మంచిగ చూసిన్రా?"

"చూశాను. నువ్వు కాదు. నీకు గుర్తున్నదంతా సరిగ్గానే గుర్తుంది."

మంచి మాట చెప్పాననుకుంది ఆండాళ్. శ్రావ్య మొహం మాత్రం తెల్లబోయింది.

"దొంగతనం జేసింది యాదికి లేకుండె. ఫోనొచ్చింది యాదికుండె. నా యాది ఒకదాంట్ల తప్పయితే ఇంకోదాంట్ల గూడ తప్పయితది గద అనుకున్న మేడమ్. నేనే దొంగనైతే బాగుండనుకున్న." ఆమె మాస్కు కిందికి లాగేసింది. "అంటే ఫోన్ నిజమే. అక్క పోయింది నిజమే."

ఆండాళ్ కూడా పనిలో ఉండగా మాస్కు కిందికి లాగింది. ఈ ఏడాదిలో మొదటిసారి.

"నిజమేనమ్మా," అంది.

శ్రావ్య ఏడవడం మొదలుపెట్టింది. మొదట చప్పుడు లేకుండా, తరవాత కారిడార్ దాకా వినిపించేలా. ఆండాళ్ ఒకటిన్నర మీటరు అవతలున్న తన కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి పక్కనే వేసుకుంది.