నుదుటి ముడి

ఆఖరి బెంచీ మీద మళ్లీ ఎర్రదీపం వెలిగింది. వెనక నిలబడి చూస్తున్న డాక్టర్ హైమవతికి మతిపోయింది. అక్కడ కూర్చున్న పిల్ల లెక్క తప్పడం మాట అటుంచి, మాస్టారికే తట్టని దారిలో దాన్ని విప్పేసింది! మరి తను తయారుచేసిన బోధమీటర్ "అర్థం కాలేదు" అంటుందేమిటి?

సముద్రం ఒడ్డున కొత్తగా లేచిన ఈ నగరంలో యూనివర్సిటీ ప్లానింగంతా బోధమీటర్ చేతిలోనే ఉంది. సంగతి సులువే. క్లాసుల్లోనూ, కౌన్సిల్ హాల్లోనూ ప్రతి సీటుకూ ఒక సెన్సర్. నుదురు చూసి, సాఫీగా ఉంటే అర్థమైనట్టు పచ్చదీపం, ముడిపడితే కానట్టు ఎర్రదీపం వెలిగిస్తుంది. ఏ శాఖలో ఎర్రదీపాలు ఎక్కువైతే ఏడాది చివర ఆ శాఖకు తాళం. కిందటేడు తత్వశాస్త్రం పోయింది. ఈసారి గణితం వంతు.

ఆలోచించేవాళ్ల నుదురు కూడా ముడిపడుతుందిగా! గంగిరెద్దుల్లా తలూపే క్లాసులకే పచ్చదీపాలు పడుతున్నాయన్నమాట. అయ్యో, ఎంత పాపం చేశాను అనుకుంది హైమవతి.

క్లాసు అవగానే మస్తాన్ వలీ మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆవిడకూ లెక్కలు నేర్పింది ఆయనే.

"మీ నోట్లో మట్టి కొట్టాను మాస్టారూ. తప్పంతా నాది."

"ఇప్పుడు ఏడ్చి ఏం లాభం తల్లీ? రేపు కౌన్సిల్లో చెప్పు. నేనూ వస్తాను."

చెప్పింది. గ్రాఫులు చూపించింది, సమీకరణాలు విప్పింది. సభ్యులు కూడా, పాపం, నుదుళ్లు ముడేసుకుని శ్రద్ధగా విన్నారు. హాలంతా ఎర్రదీపాలు.

వైస్ ఛాన్సలర్ గారు వాటి వంక చూసి, "మీరు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదని మీ మీటరే అంటోంది కదమ్మా! మమ్మల్నేం చేయమంటారు?" అన్నారు.

ఏకు మేకై కూర్చుంది. హైమవతికి ఏడుపొక్కటే తక్కువ.

"అర్థం కాక కాదండీ, మీరంతా ఆలోచిస్తున్నారు!"

"ఎవరూ, మేమా?" అన్నారాయన.

సభంతా ఘొల్లున నవ్వింది. నుదుళ్ల ముడులు విడిపోయాయి. హాలంతా పచ్చదీపాలు వెలిగాయి. ఆ ఊపులోనే గణితశాఖ మూసివేత తీర్మానం పాసైపోయింది. ఇంత నిక్కచ్చిగా పనిచేసే యంత్రం కనిపెట్టినందుకు హైమవతికి శాలువా కప్పారు.

మస్తాన్ వలీ గారి సీటు దగ్గర మాత్రం దీపం ఇంకా ఎర్రగానే ఉంది. హైమవతి అటు చూడలేక, శాలువా అంచు నలుపుకుంటూ తల దించుకుంది.