కర్రల బంగళా

"ఆ బంగళా గడప నా బిడ్డ తొక్కేదానికి లేదు. నేను బతికుండగా లేదు."

మగ్దలీనమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది. లోపల కూతురు ప్రేమలీల నిన్నటి నుంచీ నొప్పులతో మెలికలు తిరిగిపోతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని, ఇక తన వల్ల కాదని మంత్రసాని అంకాలమ్మ బయటికొచ్చేసింది. బోగోలు చుట్టుపక్కల కాన్పుల ఆసుపత్రి ఒక్కటే... అది ఆ కర్రల బంగళాలోనే ఉంది.

"అత్తమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా. బండి కట్టినాను," అన్నాడు అల్లుడు జయకుమార్.

"మీ మామను మింగింది చాలదా నాయనా ఆ కొంపకు..."

లోపల నుంచి "అమ్మా..." అని మూలుగు వినిపించింది. అంతే, ఆమె పట్టుదల కరిగిపోయింది. తానే కూతురి తల ఒళ్లో పెట్టుకుని బండెక్కింది.

బిట్రగుంట రైల్వేలో పనిచేసిన ఒక తెల్లదొర కట్టించుకున్న ఇల్లది. తన దేశంలో నాలుగు వందల ఏళ్లుగా నిలిచి ఉన్న తాతల ఇంటి వంటిదే ఈ సముద్రపు ఒడ్డునా కావాలన్నాడు. గోడల్లో నల్లటి దూలాలు అడ్డంగా, ఏటవాలుగా... వాటి మధ్య తెల్లటి సున్నం. చలి ఎరగని చోట ఆకాశాన్నంటే ఇటుక పొగగొట్టాలు. ఆ ఇంటికి వడ్రంగి మగ్దలీనమ్మ భర్త హెబ్రోను. పొద్దుగూకి ఇంటికొస్తే, కంచంలో సంగటి చల్లారిపోతున్నా అతనికి ఆ కబుర్లే.

"వాళ్ల రాజుల కాలంలో ముందు కర్రతో బొమికల గూడు నిలబెట్టి, ఆ తరువాతే గోడలు పూడ్చేవాళ్లంట. ఒక్క మేకు కొట్టలా, అంతా కర్ర చీలలే. ఒకసారి వచ్చి చూడు మగ్దలీనా."

"పని పూర్తి కానీ, చూస్తాలే," అనేది ఆమె.

పైకప్పు ముగింపుకొచ్చిన నాడు అతను జారిపడి చనిపోయాడు. ప్రేమలీల అప్పటికి కడుపులో ఉంది. దొర ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు. స్వదేశం పోతూ క్రైస్తవ మిషను వాళ్లకు ఇచ్చిపోతే, వాళ్లు అందులో ఆసుపత్రి పెట్టారు. మగ్దలీనమ్మ మాత్రం మళ్లీ ఆ దారిన కూడా నడవలేదు.

బండి బంగళా చేరగానే నర్సులు ప్రేమలీలను గదిలోకి తీసుకుపోయి తలుపు వేశారు. మగ్దలీనమ్మ హాల్లో నేల మీద కూలబడి, ప్రార్థన చేద్దామని తలెత్తింది... అలాగే ఉండిపోయింది.

ఎంత ఎత్తు... బోర్లించిన పెద్ద పడవలో కూర్చున్నట్టుంది. రెండు గోడల నుంచీ దూలాలు చేతులు చాచినట్టు ముందుకొచ్చి, వంపు తిరిగి, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నడినెత్తిన కలుసుకున్నాయి. అతుకు ఎక్కడుందో కంటికి ఆనడం లేదు. కిటికీల్లోంచి పడే పొద్దుటి ఎండలో ఆ టేకు నిగనిగలాడుతోంది. ఎన్ని గాలివానలు వచ్చిపోయాయో, ఒక్క కర్ర కదల్లేదు. గుడిసెలో తన పక్కన చాప మీద పడుకున్న మనిషి... ఆ చేతులేనా ఇంతటి దాన్ని పైకెత్తింది? ఒళ్లు జలదరించింది. ఏడుపు రాలేదు. దేవుని సన్నిధిలో నిలబడ్డట్టు రెండు చేతులూ జోడించింది.

గదిలో పసిబిడ్డ కేర్‌మంది.

మధ్యాహ్నం ప్రేమలీల కళ్లు తెరిచింది. "నీకిష్టం లేకుండా తెచ్చినాం... కోపమా అమ్మా?"

మగ్దలీనమ్మ కూతురి నుదుటి చెమట తుడిచింది. "మీ నాయన రమ్మన్నప్పుడు నేను రాలేదమ్మా. ఎట్టాంటి మనిషిని పోగొట్టుకున్నానో తెలియకుండానే ఇన్నేళ్లు ఏడ్చినా..."

తండ్రి గురించి ఎన్నడూ నోరు విప్పని ఆ తల్లి, ఆ పూటంతా అతని మాటలే చెప్పింది. అతని నడక, అతని నవ్వు, తల దులిపితే రాలే రంపపు పొట్టు... ప్రేమలీల కళ్ల నీళ్లతో వింటూనే ఉంది.

ఇంటికి పంపేస్తామన్న రోజు జయకుమార్ బండి తెచ్చాడు. మగ్దలీనమ్మ మనవరాలిని ఎత్తుకుని హాలు మధ్యలో నిలబడి పైకే చూస్తోంది.

"అత్తమ్మా, పోదామా?"

"ఉండు నాయనా," అంది ఆమె, కళ్లు దించకుండానే. "తొందరేముంది..."