ఇద్దరిలో ఒకరు

"నా అటెండెన్స్ సగం ఎందుకు కోశారండీ?"

షబ్బీర్ తలెత్తాడు. కిటికీ అవతల ఒక అమ్మాయి. జడ మీదా కనుబొమల మీదా దూది నలకలు. స్పిన్నింగ్ సెక్షన్ నుంచి నేరుగా వచ్చినట్టుంది.

"పది నిమిషాలు లేటైతే హాఫ్ డే కట్. నోటీసు బోర్డులో పెట్టాం కదండీ."

"చదివాను. మేమెక్కింది కంపెనీ బస్సే. యడ్లపాడు దగ్గర పంక్చరై ఆగిపోయింది. దిగి పరుగెత్తుకు రావాల్సిందా?"

షబ్బీర్ అటెండెన్స్ రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

చిలకలూరిపేట, గుంటూరు మధ్య ఉన్న ఆ మిల్లుని రెండువేల మూడులో కొత్త యాజమాన్యం తీసుకుంది. అప్పటినుంచి ఖర్చులు తగ్గించే పేరుతో రోజుకో రూలు. క్యాంటీన్‌లో సాయంత్రం టీ పోయింది. పండగ అడ్వాన్సు పోయింది. ఆ రూళ్ళన్నీ టైపు చేసి బోర్డుకి అంటించేది పర్సనెల్ సెక్షన్ అసిస్టెంటు షబ్బీరే. వాటి గురించి ఎవరైనా తన ముఖం మీదే అడగడం అదే మొదటిసారి.

బస్సు డ్రైవర్ని అడిగి పంక్చర్ నిజమేనని తెలుసుకుని, లంచ్ టైములో ఆమె దగ్గరికి వెళ్ళాడు. పేరు నజ్మీన్ అని అప్పటికే తెలుసుకున్నాడు.

"సరిచేశానండీ."

"నాదొక్కదానిదేనా, బస్సులో ఉన్నవాళ్ళందరిదీనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రంలోగా అందరిదీ సరిచేశాడు. ఇంటికి వెళ్తూ ఆమె కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఇప్పుడు థాంక్సండీ."

ఇద్దరిదీ చిలకలూరిపేటే, ఒకటే బస్సు. ముందు సీట్లు స్టాఫ్‌వి, వెనకవి వర్కర్లవి. ఆ వానాకాలంలో షబ్బీర్ వారానికో వరుస వెనక్కి జరుగుతూ వచ్చాడు.

"మీ ముందు సీటు ఏమైందండీ?" అంది నజ్మీన్ ఒకరోజు.

"జల్లు కొడుతోంది. కిటికీ సరిగ్గా మూసుకోదు."

"ఈ కిటికీకి అసలు అద్దమే లేదు."

తడుస్తూ కూర్చున్నాడు. ఆమె బయట పత్తిచేల వైపు తిరిగి నవ్వుకోవడం చూశాడు. ఆ తర్వాత అతనికి ముందు సీటు గుర్తు రాలేదు.

నజ్మీన్ తండ్రి బుడే జీవితమంతా దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఆ దూది ధూళి ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తల్లి లేదు. నజ్మీన్ ఈఎస్ఐ కార్డు మీద ఆయనకి మందులు, ఇంజెక్షన్లు, అవసరమైతే ఆస్పత్రిలో బెడ్డు దొరికేవి. ఆమె ఆ మిల్లులో చేరిందే అందుకు.

చలికాలం వచ్చేసరికి షబ్బీర్ అడిగేశాడు. "మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె కళ్ళు వెలిగాయి. అంతలోనే ఆరిపోయాయి.

"మీరు అంటించిన నోటీసు మీరే మర్చిపోయారా?"

మర్చిపోలేదు. భార్యాభర్తలిద్దరూ మిల్లులో పనిచేయకూడదు, ఒకరు రాజీనామా చేయాలి. ఒకే ఇంటికి రెండు బోనస్‌లు దేనికని యాజమాన్యం తెచ్చిన రూలు అది.

"నేను మానేస్తే నాన్నకి మందులుండవు," అంది నజ్మీన్. "మీ కార్డులో అత్తమామల పేర్లు రాస్తారా?"

"రాయరు."

"మరి ఇక్కడితో ఆపేద్దాం. మళ్ళీ అడగొద్దు. అడిగితే ఒప్పుకుంటానేమోనని భయంగా ఉంది."

మర్నాడు ఆమె బస్సులో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది. షబ్బీర్ మేనేజరు జక్రయ్య గారి గదిలోకి వెళ్ళాడు.

"ఆ రూలు మార్చడానికి ఏమైనా దారి ఉందా సార్?"

"నా చేతిలో లేదయ్యా. ఇప్పటికి ముగ్గురు మానేశారు, ముగ్గురూ ఆడవాళ్ళే. నువ్వు చేసుకోబోయే అమ్మాయి కూడా మానేస్తుందిలే."

"ఆడవాళ్ళే మానెయ్యాలని రూల్లో ఉందా సార్?"

జక్రయ్య గారు కళ్ళజోడు తీసి అతన్ని తేరిపార చూశారు. "లేదు," అన్నారు నెమ్మదిగా. "ఒకరు అనే ఉంది."

ఇంట్లో విషయం చెప్పగానే తల్లి జోహరాబీ అన్నం వడ్డించే గరిటె కింద పెట్టేసింది.

"ఆడపిల్ల ఉద్యోగం కోసం మగాడు ఉద్యోగం మానుకుంటాడంట్రా? మనవాళ్ళు నవ్వరూ?"

"నవ్వనీ అమ్మా. ఒక్కసారి వాళ్ళింటికి రా. చూసి, ఆ తర్వాత వద్దంటే మాట్లాడదాం."

ముందే కబురు పంపి, ఆదివారం వెళ్ళారు. బుడే గోడకి చేరగిలబడి ఉన్నాడు. వచ్చినవాళ్ళని చూసి లేవబోయాడు, చేతకాలేదు. గదంతా ఆయన ఊపిరి చప్పుడే. నజ్మీన్ గబగబా వచ్చి ఆయన వీపుకి ఇంకో దిండు పెట్టింది.

"అమ్మా," అన్నాడు బుడే, మాట మాటకీ ఆగుతూ. "నా మందుల గురించి... చూడొద్దు. పిల్లని... తీసుకెళ్ళండి. మానేస్తుంది. నేను చెప్తా."

"నువ్వు ఊరుకో నాన్నా," అంది నజ్మీన్. "నేను మానెయ్యను. నిన్నిలా వదిలేసి చేసుకునే పెళ్ళి నాకొద్దు."

జోహరాబీ ఆ ముసలాయన ఎగిరిపడే గుండెనీ, దిండుని అదిమి పట్టుకున్న ఆ పిల్ల చేతినీ చూస్తూ కూర్చుంది. పదేళ్ళ కిందట తన మొగుడు మంచం మీదున్నప్పుడు తానూ అలాగే కూర్చుంది. అప్పుడు మందు బిళ్ళకి కూడా దిక్కు లేదు.

లేచి వెళ్ళి నజ్మీన్ పక్కన కూర్చుంది.

"మానెయ్యొద్దమ్మాయ్. మావాడు ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. నువ్వు ఇంకో నాన్నని ఎక్కడ వెతుక్కుంటావు?"

నజ్మీన్ ఆమె భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఏం చేయాలో తోచక షబ్బీర్ బయటికొచ్చి, వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడు.

మిల్లుకి రాజీనామా ఇచ్చాడు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరాడు. జీతం తక్కువ, ఈఎస్ఐ ఊసే లేదు. నికాహ్ అయ్యాక, పేటలోనే రెండు పోర్షన్ల ఇల్లు తీసుకుని బుడేని కూడా తెచ్చుకున్నారు.

మొదటి వారంలోనే ఒక సాయంత్రం షబ్బీర్ పని నుంచి వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. చొక్కా నిండా మిర్చి ఘాటు. మామకి దగ్గొస్తుందని లోపలికి అడుగు పెట్టలేదు. నజ్మీన్ అప్పుడే మిల్లు నుంచి వచ్చింది. బకెట్టు తెచ్చి, చెంబుతో అతని చేతుల మీద నీళ్ళు పోసింది.

"ఆ ఉద్యోగం తలుచుకుంటే బాధగా ఉందా?" అంది.

"ఉంది," అన్నాడతను. "బస్సులో నీ పక్క సీటు పోయింది."

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. అతని తడిచేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకి అద్దుకుంది.

"కళ్ళు మండుతాయే," అన్నాడు షబ్బీర్ కంగారుగా.

"మండనీండి," అంది నజ్మీన్.