తెర ఆర్పేసిన మధ్యాహ్నం

"నువ్వు హాయిగా మైకు ముందు కూర్చుని పాడుకో! మిగతావన్నీ మేం చూసుకుంటాంగా!"

భర్త ఆ మాట ఎంత ముచ్చటపడి అన్నాడో! కానీ అది వినగానే ఆ ఇంటి కోడలు కుర్చీలోంచి లేచి, కళ్ళు ఒత్తుకుని, గోడ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొత్తగా సిద్ధమైన రికార్డింగు గదిలో భర్త, ఆడపడుచు, అత్తగారు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గదిలో ఇంకా జిగురు వాసన పోలేదు. గోడలకు పాత బొంతలు తగిలించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, సామాన్ల గదిని స్టూడియోగా మార్చడానికి బస్సు కండక్టరైన ఆ భర్త తన సెలవులన్నీ ధారపోశాడు. అంతా ఎవరి కోసం? ఆవిడ కోసమే కదా! మరి ఇంత సంబరంలో ఆ కంట నీరెందుకు...?

ఆ పిల్ల సంగతి మొదట్నుంచీ చెప్పుకోవాలి. పెళ్ళి కాకముందు నుంచే ఆమె ఒక రికార్డింగు స్టూడియోలో పనిచేసేది. పాడటం కాదు సుమండీ! గదుల మధ్య గాజు అద్దానికి ఇటువైపు కూర్చుని, అటువైపు పాడేవాళ్ళను రికార్డు చేయడం ఆమె పని. ఎంత పేరున్న గాయకుడైనా సరే, ఆమె "మళ్ళీ" అంటే మళ్ళీ పాడాల్సిందే. పాట మధ్యలో ఎవరి చెప్పు కిర్రుమన్నా, ఎవరు గుటక మింగినా ఆ చెవులు పట్టేసేవి. అలాంటి మనిషికి చూపు మసకేసింది. ముందు అక్షరాలు అలుక్కుపోయాయి, ఆ తర్వాత మనుషులు... చివరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. "ఇంటి పట్టున విశ్రాంతి తీసుకోమ్మా" అని యజమాని మర్యాదగానే సాగనంపాడు. ఆ మర్యాదే ఆమెను ఎక్కువ కుంగదీసింది!

ఇంట్లో దిగాలుగా కూర్చున్న వదినను చూడలేక, కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేసే ఆడపడుచు ఒక ఏర్పాటు చేసింది. తెర మీద ఏముందో పైకి చదివి చెప్పే గొంతు ఒకటి కంప్యూటర్లో పెట్టింది. అది ఆగకుండా వాగుతుంటే అత్తగారు దానికి 'చిలకమ్మ' అని పేరు పెట్టేసింది. చిలకమ్మ తోడుతో కోడలు మళ్ళీ నాలుగు పనులు చేసుకోవడం మొదలుపెట్టింది. అంతలో వీధి చివరి పాటల టీచరు, తన శిష్యురాళ్ళ పాటలు రికార్డు చేయించుకోవాలని అడిగింది. ఇంక చూడండి, ఇంట్లోనే స్టూడియో పెట్టాలని భర్తకు పూనకం వచ్చేసింది!

గది సిద్ధమైంది. పాటను పట్టి దాచే సాఫ్ట్‌వేర్ ఏది కొనాలన్నదే మిగిలింది. కొన్నాళ్ళు ఊరికే వాడి చూసుకోమని ఇచ్చేవి ఉంటాయట. ఆడపడుచు అలాంటివి రెండు తెచ్చి పెట్టింది. ఒకటి పెద్ద పెద్ద స్టూడియోల్లో వాడేది, తెర నిండా రంగురంగుల మీటలు, మిణుకుమనే దీపాలు. రెండోది బోసి మొహంది. "దీన్ని చూస్తుంటేనే ఆవలింతలొస్తున్నాయి!" అని ఆడపడుచు నవ్వింది. కండక్టరు పెద్దదే ఖాయం చేశాడు. రేపు పొద్దున్నే కొనేయడం! ఇద్దరికీ ఆవిడంటే ప్రాణమే. అయినా ఆవిడను ఒక్క మాట అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది కోడలు.

"ఆ గిన్నెకు చిల్లు పడుతుందే అమ్మాయ్! ఏమైందో చెప్పు."

"ఏం లేదు అత్తయ్యా..."

"ఏం లేకపోతే ముక్కెందుకు ఎగబీలుస్తున్నావు?"

అంతే, ఆపుకున్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది. "మీరంతా బయటికెళ్ళినప్పుడు రెండూ వాడి చూశాను అత్తయ్యా. ఆ పెద్దదాంట్లో చిలకమ్మకు నోరు పెగలదు. 'బటన్... బటన్... బటన్...' అంటుంది. అది ఏ బటనో చెప్పదు! రెండోదాంట్లో అన్నీ పేరుపేరునా చెబుతుంది. కానీ ఆయన అంత ఆశగా పెద్దది కొంటానంటే ఎలా కాదనను? నన్ను మైకు ముందు కూర్చోమంటున్నారు... నేనెప్పుడూ అక్కడ లేను అత్తయ్యా! అద్దానికి ఇటువైపే నా చోటు. అదీ పోతే ఇంక నాకేం మిగిలింది?"

అత్తగారు కోడలి తడి చేతులను తన కొంగుతో తుడిచింది. "నేను చెబితే వాడు ఇప్పుడే వింటాడు. కానీ అది అమ్మ మాటవుతుంది, నీ మాట కాదు. మొహం కడుక్కుని వెళ్ళి నువ్వే చెప్పు. ఏడుస్తూ అడిగితే జాలిపడి ఇస్తాడు. నీకు కావలసింది జాలి కాదుగా!"

కోడలు మొహం కడుక్కుని గదిలోకి వచ్చింది.

"ఏవండీ, ఆ తెర ఆర్పేయండి."

"ఎందుకూ?"

"ఆర్పేసి, నా పాట మీరు రికార్డు చేయండి."

ఇదేదో ఆటనుకున్నాడు కండక్టరు. నవ్వుతూ తను మెచ్చిన ఆ పెద్దదాన్ని తెరిచి, తెర ఆర్పి కూర్చున్నాడు. ఒక మీట నొక్కాడు. "బటన్" అంది చిలకమ్మ. ఇంకోటి నొక్కాడు. "బటన్." మరోటి. "బటన్."

"ఏ బటనే తల్లీ!" అని విసుక్కున్నాడు.

"నిన్ను టిక్కెట్టు కొట్టమంటోందేమో అన్నయ్యా!" అని ఆడపడుచు కిసుక్కుమంది.

అతను ఇంకాసేపు తంటాలుపడ్డాడు. చివరికి వల్ల కాక తెర వెలిగించడానికి చేయి చాపాడు... ఆ చేయి అక్కడే ఆగిపోయింది. తనకు వెలిగించుకోవడానికి తెర ఉంది. మరి ఆమెకు...? అతని మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"నీకు... ఇది ఇలాగే ఉంటుందా?" అన్నాడు మెల్లగా.

"ఇదైతే ఇంతేనండీ. కాస్త లేవండి."

ఆమె కూర్చుని బోసి మొహందాన్ని తెరిచింది. "ఒకటో ట్రాక్. రికార్డుకు సిద్ధం" అంది చిలకమ్మ గలగలా. ఆ వేళ్ళు మీటల మీద పరుగులు పెట్టాయి! ఎన్నాళ్ళైందో ఆ వేళ్ళకు ఆ పరుగు! ఆడపడుచు నోరు తెరుచుకుని చూస్తుండిపోయింది. "నేను దీపాలూ రంగులూ చూసి మురిసిపోయాను వదినా... నీకెలా పనికొస్తుందో చూడలేదు" అంది చిన్నబోతూ.

"అవన్నీ తర్వాత చిట్టీ. ఏవండీ, మీరు మైకు ముందుకు వెళ్ళండి."

"నాకు పాటలు రావు కదా!"

"మాట్లాడండి చాలు. బస్సులో అరిచినట్టు కాకుండా... అత్తయ్యా, కుర్చీ కిర్రుమంటోంది, కదలకండి!"

అత్తగారు ఊపిరి బిగబట్టింది. బొంతల గోడల మధ్య గది నిశ్శబ్దమైపోయింది. అతను మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నిన్ను... ఒక్క మాటైనా అడగలేదు. నీకు కష్టం లేకుండా చేద్దామనుకుని... నీ పనే నీ చేతిలోంచి లాగేసుకున్నాను. తప్పయిపోయింది. ఆ కుర్చీ నీది. ఏది కొనాలో కూడా నువ్వే చెప్పు..."

చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో ఆమెకు అన్నీ వినబడ్డాయి. మాట కంటే ముందు వచ్చిన ఊపిరి, మాట మధ్యలో మింగిన గుటక... అన్నీ! చెంపల మీదుగా నీళ్ళు జారుతూనే ఉన్నాయి. వేలు మాత్రం మీట మీంచి కదల్లేదు. అతను ముగించాక ఆపి, స్థిమితంగా అంది.

"మళ్ళీ."

"ఏంటీ?"

"మళ్ళీ చెప్పండి. మొదట్లో గొంతు వణికింది. మధ్యలో గుటక వినబడింది."

అత్తగారు ఇంక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "చెప్పరా! తప్పు ఒప్పుకోవడం కూడా తిన్నగా చేతకాదా నీకు!"

అతను కళ్ళు తుడుచుకుని, నవ్వి, మళ్ళీ చెప్పాడు. ఈసారి వణుకూ లేదు, గుటకా లేదు. మాట అద్దంలా వచ్చింది. "ఇదే బాగుంది వదినా, ఇది ఉంచు!" అంది ఆడపడుచు.

"ఆఁ, బాగుంది" అని ఒప్పుకుంది కోడలు. కానీ ఆ వేళ్ళు నెమ్మదిగా వెనక్కి వెళ్ళి, ఆ వణికిన మొదటిదాన్నే వెతికి పట్టుకున్నాయి. ఎవరికీ ఏమీ చెప్పకుండా మీట నొక్కింది.

"సేవ్ అయింది" అంది చిలకమ్మ.